పేరు లేని నలభై ఒక్క చీటీలు

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆమెను మక్కీ అనేవారు. నకళ్ల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు టైపు కొట్టింది. ఇళ్ల కాగితాలు, పొలాల కాగితాలు, అన్నదమ్ముల భాగాల ఒప్పందాలు, ఎవరికి ఏ పాత దస్తావేజు నకలు కావాలన్నా అది ఆమె బల్ల మీదికే వచ్చేది. అసలులో ఎలా ఉంటే నకలులోనూ అలాగే, మక్కీకి మక్కీ దించేది. ఎప్పుడో రాసినవాడు తొందరలో ఒక అక్షరం మింగేస్తే ఆమె కూడా ఆ అక్షరం మింగేసేది. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు ఉండబట్టలేక అడిగాడు.

"మేడం, ఇది తప్పని మీకు తెలీదా?"

"తెలుసు."

"మరి దిద్దొచ్చుగా?"

"ఇప్పుడు తప్పు వాళ్లది. దిద్దితే నాదవుతుంది."

ఆ గుమాస్తా ఈ మాట పది బల్లలకూ మోసి, సాయంత్రానికల్లా ఆమెకు మక్కీ అన్న పేరు ఖాయం చేశాడు. ఆమె కోపగించుకోలేదు. పైగా అందులో కొంచెం గౌరవం కూడా చూసుకుంది.

ఆ ఆఫీసులో ఒక కట్టడి ఉండేది. కొట్టినవాళ్లు తమ నకలు తామే సరిచూసుకోకూడదు. ఒకరు అసలు పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు నకలు మీద వేలు పెట్టి వినాలి. అయ్యాక ఇద్దరూ కింద సంతకం చెయ్యాలి. ఎంత నిప్పులాంటి మనిషైనా సరే, ఒంటరిగా సరిచూస్తే చెల్లదు.

ఉద్యోగం వచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఏడు. సొంత గది దొరికేదాకా రెండు నెలలు ఉంటానని అన్నగారింటికి వచ్చింది. ఆ రెండు నెలలు తీరలేదు. సంబంధాలు కొన్ని వచ్చాయి, కొన్ని పోయాయి. ఎవరైనా కదిపితే వదిన అందుకునేది: "దీనికి మక్కీకి మక్కీ వాళ్ల అన్నలాంటివాడే కావాలట. అలాంటివాడు ఒక్కడే తయారయ్యాడు, వాణ్ని నేను కట్టేసుకున్నాను. ఇంకేం చేస్తుంది పాపం!"

అన్న కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. పాఠం చెప్పడం బతుకుతెరువు. బతుకు మాత్రం ఒక నాటకం. నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు విషాద నాటకం అది. ఒక ముసలి రాణి, ఇద్దరు కొడుకులు, ఒక కోట, చివరికి ఎవరూ మిగలరు. కథ చెప్పమంటే అన్న రెండు నిమిషాల్లో తేల్చేసేవాడు. అందులోని మాటల దగ్గరే ఆగిపోయేవాడు. ఆ కాలం వాళ్లకు తేలిగ్గా అర్థమైన మాటలు కొన్ని ఇప్పుడు పుట్టుపూర్వోత్తరాలు తెలియని అనాథల్లా పడి ఉన్నాయని, మూడు వందల ఏళ్లుగా పండితులు ఒకరి తర్వాత ఒకరు వాటిని చేరదీస్తున్నారని చెప్పేవాడు. ఒక్కొక్క కష్టమైన మాటకు ఎవరెవరు ఏమేం అర్థం చెప్పారో అంతా తెలుగులో ఒక్కచోట చేర్చాలని ఆయన పట్టుదల.

అందుకోసం చీటీలు రాసేవాడు. పరీక్షలయ్యాక మిగిలిపోయిన జవాబు పత్రాల్లోంచి ఖాళీ కాగితాలు చింపి, నాలుగేసి ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక్కో అర్థం. పైన మాట, ఏ అంకం, ఏ రంగం. కింద నల్ల సిరాతో వివరణ. ఎడమ పక్క మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఆ వివరణ చెప్పిన పండితుడి గుర్తు, ఒక్క అక్షరం. అలాంటి పండితులు ఇరవై ఏడుగురు. ఎవరి గుర్తు ఏదో ఒక చిన్న డైరీలో రాసి ఉండేది. చీటీలు చెప్పుల పెట్టెల్లో పేర్చి ఉండేవి. ఇంట్లో ఎవరు చెప్పులు కొనుక్కున్నా చెప్పులు వాళ్లవి, పెట్టె ఆయనది.

"ఈయన నాతోకన్నా ఆ అట్టపెట్టెలతోనే ఎక్కువ కాపురం చేశాడు," అనేది వదిన. "అవైతే తిరిగి మాట్లాడవు కదా!"

సాయంత్రం ఆఫీసునుంచి వచ్చాక మక్కీ ఆయన ఎదురుగా కూర్చుని వినేది. ఒక మాట విషయం ఆమెకు బాగా నచ్చేది. కోట తలుపు దగ్గర కాపలావాడి నోట వచ్చే మాట. ఆ మాట ఇంకెక్కడా లేదు. ఒక పండితుడు, ఇది అసలు మాటే కాదు, అచ్చుకూర్చినవాడు అక్షరాలు తారుమారు చేశాడు అన్నాడు. యాభై ఏళ్ల తర్వాత ఇంకొకాయన, కుర్రతనంలో ఓడల్లో పనిచేసినవాడు, కాదు కాదు, తడిసి జారిపోయే తాడును నావికులు అలా అంటారు అన్నాడు. మరో ముప్పై ఏళ్లకు ఒక పల్లెటూరి పాదిరీ, మా ఊళ్లో ముసలమ్మలు సరిగా మూతపడని తలుపును ఇదే మాటతో తిడతారు, రేపు వస్తే వినిపిస్తాను అని రాశాడు.

"ఇందులో ఏది నిజం అన్నయ్యా?"

"అది నేను చెప్పను. నాది జడ్జి పని కాదు. సాక్షులందరికీ తలో కుర్చీ వేసి కూర్చోబెట్టడమే నా పని."

"అందరికీ కుర్చీలు వేసి నువ్వు నిలబడతావా?"

"నేను కూర్చుంటే కుర్చీ ఒకటి తక్కువవుతుందే!"

కాలేజీలో మాత్రం దీన్ని అంత ముచ్చటగా తీసుకోలేదు. తోటి లెక్చరర్లు ఆయన్ని "కూర్పు మాస్టారు" అనేవారు. ఓసారి వీడ్కోలు సభకు కుటుంబాలను కూడా పిలిస్తే మక్కీ వెళ్లింది. అక్కడొక పెద్దమనిషి మైకు ముందే అన్నాడు, "మా మాస్టారు లోకంలో అందరి మాటలూ పోగేశారు. అన్నీ ఊరివాళ్ల ముద్దలే, సొంత ముద్ద ఒక్కటీ లేదు." అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. ఆమెకు మాత్రం ఆ మాట ముల్లులా దిగి అక్కడే విరిగిపోయింది.

రిటైరైన నాలుగో ఏడు అన్న పోయాడు. మూడు రోజులు ఆయాసం, అంతే. పోయేనాటికి మూడు వేల ఎనిమిది వందల చీటీలు. ఒక్క పేజీ కూడా అచ్చు కాలేదు.

వదిన ఏడ్చి ఏడ్చి, ఒకనాడు కళ్లు తుడుచుకుని అంది. "ఆ పెట్టెలు నాకు సవతుల్లా ఉన్నాయే. వాటికేదో దారి చూపించు. లేకపోతే నేనూ వాటి పక్కనే పడి ఉంటాను."

మక్కీ అప్పటికి రిటైరైంది. కంప్యూటరు కొనుక్కుని, రెండు నెలల్లో తెలుగు కొట్టడం నేర్చుకుంది. కాలేజీ పుస్తకాలు వేసే ప్రెస్సాయన అన్నగారి మీద గౌరవంతో అచ్చుకు ఒప్పుకున్నాడు. రోజూ పొద్దున్నే తొమ్మిదింటికి, ఆఫీసుకు వెళ్తున్నట్టే జడ వేసుకుని, కళ్లజోడు తుడుచుకుని కూర్చునేది. చీటీ తర్వాత చీటీ. అన్న చేతిరాత చూస్తుంటే ఆయన పక్కగదిలోనే ఉన్నట్టుండేది. ఒకటిన్నర ఏడాది ఆమెకు ఆయన పోలేదు.

చివరి పెట్టెలో అడుగున, రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి దొరికింది. నలభై ఒక్క చీటీలు. అన్నింటిలోనూ పైన మాట ఉంది, కింద వివరణ ఉంది. పక్కన ఎర్ర గుర్తు మాత్రం లేదు.

ఆ వివరణలు ఆమె రెండుసార్లు చదివింది. మిగతా వాటికన్నా ఇవి ఒక మెట్టు పైన ఉన్నాయి. వాటిలో ఒకటి ఆమెకు తెలిసిందే. మూడో అంకంలో ముసలి రాణి పెద్ద కొడుకుతో ఒక మాట అంటుంది. పండితులు దాన్ని డబ్బన్నారు, కన్నీళ్లన్నారు, గుడ్డన్నారు. ఈ చీటీలో ఇలా ఉంది: "పిల్లల బట్టలు కుట్టేటప్పుడు, పెరిగాక వదులు చేసుకోవడానికి కుట్టు లోపల మడిచి ఉంచే గుడ్డ. రాణి అనేది ఏమిటంటే, నీకోసం విప్పి విప్పి ఇక నాలో విప్పడానికేమీ మిగల్లేదురా అని."

ఇది అన్నదే. ఆమెకు సందేహం లేదు. ఎందుకంటే ఆయనతో పాటు వీధి చివరి దర్జీ దగ్గరికి తనూ వెళ్లింది. అన్న ఆ దర్జీని ఎంత లోతుగా అడిగాడనుకున్నారు!

"లోపల ఎంత వదులుతావయ్యా?"

"పిల్లల గౌనైతే రెండు వేళ్లు సార్. మా ఆవిడ జాకెట్టైతే నాలుగు."

"అంతా విప్పేశాక?"

"విప్పేశాక ఏముంది సార్, కొత్తది కొనుక్కోవడమే. మా ఆవిడకైతే కొత్త దర్జీ."

అన్న పగలబడి నవ్వి, ఇంటికొచ్చేదాకా ఆ రెండు వేళ్ల సంగతే చెప్పాడు. ఆ చీటీ అప్పుడు రాసిందే అయ్యుండాలి.

ప్రెస్సాయన ఫోన్ చేశాడు. "అమ్మా, ఆఖరి ఫారం ఎల్లుండి అచ్చు మిషను ఎక్కించాలి. ఆ నలభై ఒకటికి గుర్తు లేదన్నారు. ఎవరివని వెయ్యమంటారు?"

"మధ్యాహ్నం చెబుతాను."

వదిన బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మక్కీ గుమ్మంలో నిలబడి, "పేరు లేని చీటీలు ఎవరివై ఉంటాయి వదినా?" అంది, అవి ఏవో, ఎన్నో చెప్పకుండా.

"ఇంట్లో పేరు పెట్టని వస్తువు ఎవరిదే? ఇంటాయనదే. దీనికింత ఆలోచనా?"

అదే వినాలని అడిగింది కాబట్టి అదే వినిపించింది. ప్రెస్సుకు ఫోన్ చేసి, "స్వ అని వెయ్యండి. స్వీయం. వ్యాఖ్యాత సొంత వివరణ," అని చెప్పింది. చెప్పాక గుండె తేలికైంది. మైకు ముందు నవ్విన వాళ్లందరికీ నలభై ఒక్క జవాబులు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ మర్నాడు సరిచూడాలి. ఇంట్లో కూడా ఆమె ఆఫీసు కట్టడే పాటించింది. వదిన చీటీ పట్టుకుని పైకి చదవాలి, తను అచ్చు మీద వేలు పెట్టి వినాలి. అచ్చులో 'స్వ' ఉంటుంది, చీటీలో లేదు. అసలుకూ నకలుకూ తేడా! ముప్పై ఒక్క ఏళ్లలో అలాంటి కాగితం ఆమె చేతిలోంచి బయటికి పోలేదు. ఆ సాయంత్రం అన్న బల్ల దగ్గర కూర్చుని, ఆయన ఎర్రసిరా పెన్ను తీసి, నలభై ఒక్క చీటీల మార్జిన్‌లోనూ 'స్వ' అని రాసింది. తన రాతలో రాస్తే ఆ చీటీల మీద పరాయిగా కనిపిస్తుందని, ఆయన రాసే తీరులోనే రాసింది. 'స' తల కాస్త పక్కకు వాల్చి, కింది ఒత్తు పొడుగ్గా లాగి. అన్ని వేల చీటీలు చూసి కొట్టిన చేతికి అదేమంత కష్టం కాలేదు. నకలుకు తగ్గట్టు అసలును దిద్దానన్న ఊహ ఆమెకు అప్పుడు తట్టనేలేదు. రెండూ కలిశాయి, అంతే చాలనిపించింది.

మర్నాడు వదిన చదివింది, "స్వ." మక్కీ అచ్చు మీద టిక్కు పెట్టింది. నలభై ఒక్కసార్లు. చివరికి ఇద్దరూ సంతకాలు చేశారు. వదిన సంతకం చేస్తూ, "చూశావా, ఆయనకు సొంత తెలివి కూడా ఉండేదే! నా దగ్గర దాచాడు," అంది.

పుస్తకం వచ్చింది. మూడు వందల కాపీలు, నీలం అట్ట. అన్నగారి పాత శిష్యుడొకడు ఇప్పుడు పెద్ద కాలేజీలో ఇంగ్లీషు విభాగానికి పెద్ద. అతను అధ్యాపకుల పత్రికలో నాలుగు పేజీల వ్యాసం రాశాడు. "మా మాస్టారిని కూర్పు మాస్టారన్నారు. ఈ నలభై ఒక్క వివరణలు చదివాక ఆ మాట అన్నవాళ్లు తలదించుకోవాలి," అన్నాడు. దర్జీ చీటీని పూర్తిగా ఎత్తి రాశాడు. ఆ పత్రిక వదిన దిండు కింద పెట్టుకుంది. మక్కీ దాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. మూడు నెలలు ఆ ఇంట్లో మళ్లీ నవ్వులు వినిపించాయి.

నాలుగో నెల ఒక ఆదివారం ఉదయం శిష్యుడే వచ్చాడు. ఎప్పుడూ "అత్తయ్యగారూ" అంటూ గేటు దగ్గరే కేక వేసేవాడు, ఆ రోజు చప్పుడు లేకుండా వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. వదిన తెచ్చిన కాఫీ ముట్టుకోలేదు.

"ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా?" అంది మక్కీ.

అతను సంచీలోంచి కొన్ని జిరాక్సు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నూట యాభై ఏళ్ల కిందట ఒక బడిపంతులు వేసుకున్న పుస్తకం ఇది. ఎక్కువమందికి తెలీదు. మా లైబ్రరీకి ఎవరో ఇచ్చిన పాత పెట్టెలో దొరికింది." ఒక గీత కింద వేలు పెట్టాడు. "కుట్టు లోపల మడిచి ఉంచే గుడ్డ. రాణి మాట. మాస్టారు తెలుగులో రాసింది ఇదే. వాక్యానికి వాక్యం."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "మా అన్నయ్య దర్జీని అడిగి రాశాడు నాయనా. నేను పక్కనే ఉన్నాను."

"అడిగే ఉంటారు. ఈ పంతులు చెప్పింది నిజమో కాదో చూద్దామని అడిగి ఉంటారు. ఇదొక్కటే అయితే ఇద్దరికీ ఒకే ఊహ తట్టిందనుకోవచ్చు. ఈ పుస్తకంలోనే మరో పదకొండు ఉన్నాయి అత్తయ్యగారూ. మిగతావి ఎక్కడున్నాయో!" అతను జిరాక్సు కాగితాలు మళ్లీ ఒకచోట సర్దాడు. "ఇంకొకాయన కూడా ఇది కనిపెట్టాడు. పత్రికకు ఉత్తరం రాశాడు. 'సొంతమని చెప్పుకున్నవి ఎత్తుకొచ్చినవి' అని. వచ్చే సంచికలో పడుతుంది. జవాబు రాయాల్సింది నేను. మాస్టారు దొంగతనం చేశారని రాయాలి, లేదంటే ఎందుకు చెయ్యలేదో రాయాలి. ఆ చీటీలు ఒకసారి చూపిస్తారా?"

చీటీలు తెచ్చి ఇచ్చింది. అతను ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశాడు. ఎర్ర 'స్వ' దగ్గర ఆగాడు. రెండో చీటీ, మూడో చీటీ. తర్వాత చూడటం మానేశాడు.

"మాస్టారే రాసుకున్నారు," అన్నాడు నెమ్మదిగా. "క్లాసులో మాకు ఏం చెప్పేవారో తెలుసా? కంటితో పేజీ చూసేదాకా పండితుడి పేరు రాయకూడదు. ఎవరో చెప్పగా విన్నది, నోట్సులో దొరికింది అయితే పేరు దగ్గర ఖాళీ ఉంచు, వెతుకు, అనేవారు. అలాంటి మనిషి..."

ఖాళీ ఉంచు, వెతుకు. మక్కీకి అన్న రాయించిన ఉత్తరాలు గుర్తొచ్చాయి. నెలకు నాలుగు ఉత్తరాలు తనే టైపు చేసేది. ఫలానా పుస్తకంలో ఫలానా పేజీ నకలు పంపగలరు అని ఎక్కడెక్కడి లైబ్రరీలకో. ఎందుకన్నయ్యా ఇన్ని అంటే, "కొందరు సాక్షులు ఇంకా రావాలే," అనేవాడు. ఆ రావలసినవాళ్ల కట్టే అది. ఆయన ఖాళీగా ఉంచినంతకాలం అది నిజాయితీ. తను నింపిన క్షణంలో దొంగతనమైంది.

ఊరుకుంటే ఏమవుతుందో ఆమె మనసు గిర్రున లెక్కవేసింది. ఊరుకుంటే తనని అడిగేవాళ్లు లేరు. పుస్తకం మీద తన పేరే లేదు.

"అది అన్నయ్య రాసింది కాదు," అంది. "నేను రాశాను."

శిష్యుడు తలెత్తి చూశాడు. ఆ చూపులో జాలి తప్ప ఇంకేమీ లేదు. "మీరలా అంటారని దార్లోనే అనుకున్నాను అత్తయ్యగారూ."

"నిజం నాయనా. మార్జిన్లు ఖాళీగా ఉన్నాయి. అచ్చుతో కలవాలని నేనే రాశాను."

"చనిపోయిన అన్నను కాచుకోవడానికి చెల్లెలు చెప్పే మాట ఇది. నేను నమ్మినా పత్రికవాళ్లు నమ్మరు."

వదిన గుమ్మంలోంచి ముందుకొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. "నువ్వు రాయడమేమిటే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అది ఆయన రాతే. ముప్పై ఎనిమిదేళ్లు చూశాను, నాకు తెలీదూ? నేనే కదా పైకి చదివింది! ఆయన తనవని రాసుకున్నాడంటే తనవే అయ్యుంటాయి. ఆ బడిపంతులే ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి ఉంటాడు!"

"నూట యాభై ఏళ్ల ముందా అమ్మగారూ?" అన్నాడు శిష్యుడు, నేలచూపులు చూస్తూ.

వదిన మొగుణ్ణి కాపాడబోయి తనే ఆయన మీద సాక్ష్యం చెప్పినట్టైందని తెలిసి, గోడకు ఆనుకుంది.

మక్కీ లేచి అన్న బల్ల సొరుగు తీసింది. నల్ల పెన్ను, ఎర్ర పెన్ను, మిగిలిన జవాబు పత్రం ఒకటి తెచ్చుకుంది. కాగితం నాలుగు ముక్కలు చేసింది.

"నీ చేతిలో ఉన్న చీటీ చదువు. పైకి చదువు."

"ఎందుకు అత్తయ్యగారూ ఇవన్నీ..."

"చదవమన్నానా?"

అతను చదివాడు. ఆమె రాసింది. గబగబా, తలెత్తకుండా, చీటీ వైపు చూడకుండా. అన్న రాతలో వరస చివర్లో పైకి ఎక్కినట్టు పైకి ఎక్కించింది. అన్న వాక్యం చివర చుక్కను గట్టిగా పొడిచినట్టు పొడిచింది. చివర ఎర్ర పెన్నుతో 'స్వ' రాసి, అతని ముందుకు తోసింది. ఆగకుండా రెండోది రాసింది. మూడోది అతను చదవలేకపోయాడు. పాత చీటీనీ కొత్త చీటీనీ పక్కపక్కన పెట్టుకుని, సిరా ఇంకా ఆరకపోవడం ఒక్కటే తేడా అన్నట్టు వేలితో తాకి చూశాడు. వేలికి ఎరుపు అంటింది.

వదిన వంగి చూసింది. భర్త రాత, ఇప్పుడే రాసినట్టు, తడితడిగా. ఆమె నోటినుంచి అదో రకమైన మూలుగు వచ్చింది.

"ఆపవే," అంది. "ఆ చేత్తో ఇంక ఒక్క అక్షరం రాయకు. నా ముందు రాయకు."

మక్కీ పెన్ను మూత పెట్టింది. "రెండూ పక్కపక్కన మీ పత్రికలో అచ్చు వెయ్యి నాయనా. ఒకటి పాతది, ఒకటి నీ కళ్ల ముందు రాసింది. కింద నా పేరు వెయ్యి. పూర్తి పేరు, ఉద్యోగంతో సహా."

"ఉద్యోగం ఎందుకు అత్తయ్యగారూ? ఆలోచించండి. అది మీకు..."

"ఎవరో ఒక చెల్లెలంటే నమ్మరు. ముప్పై ఒక్క ఏళ్లు నకళ్లు దించిన మనిషంటే నమ్ముతారు."

పత్రిక వచ్చింది. నమ్మారు. అన్నగారి మీద ఒక్క మాట పడలేదు. ఉత్తరం రాసినాయన కూడా, ఖాళీలు ఉంచిన మనిషి పెద్దమనిషేనని రెండు వాక్యాలు రాశాడు.

పడాల్సినవి ఆమె మీద పడ్డాయి. కూరగాయల దుకాణం దగ్గర ఆ పాత గుమాస్తా కనిపించాడు. ఇప్పుడతనూ రిటైరయ్యాడు. "ఏం మేడం, ఇన్నాళ్లూ మక్కీ అని ఊరికే పిలిచాం, ఇంత మక్కీ అనుకోలేదు!" అని నవ్వాడు. ఆ నవ్వు కళ్లదాకా వెళ్లలేదు. గొంతు తగ్గించి, "ఎవరో ఇద్దరు ఆఫీసుకు వచ్చారట. మీరు కొట్టిన పాత నకళ్లు అసలుతో మళ్లీ సరిచూడమని అర్జీ పెట్టారట. అందులో రెండో సంతకం కూడా మీరే... ఏదో మాటవరసకు చెప్పాను, మనసులో పెట్టుకోకండి," అన్నాడు. ఆమె వంకాయలు ఏరుతున్న చెయ్యి ఆగలేదు. ఇంటికొచ్చాక చూస్తే సగం పుచ్చులే.

నెలన్నరపాటు ఆఫీసువాళ్లు ఆమె నకళ్లు తీయించి చూశారు. ఒక్క తేడా దొరకలేదు. దొరకలేదన్న మాట ఎవరూ ఉత్తరం రాసి చెప్పలేదు. దారిలో కనిపిస్తే పలకరించేవాళ్లు ముగ్గురు తగ్గారు, అంతే.

ఇంట్లో వదిన చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడింది. "అన్నం పెట్టాను." "గ్యాసు వచ్చింది." ఒక రోజు ఉతికిన బట్టలు మడతపెడుతూ తనంతట తనే అంది. "నువ్వు చేసింది తప్పే. చెప్పింది ఒప్పే. రెండూ కలిపి ఏమనాలో నాకు తెలీక మాట్లాడలేదు." మక్కీ దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి మడతపెట్టారు.

రెండో ముద్రణ వెయ్యాలని ప్రెస్సాయన అన్నాడు. శిష్యుడు ఆ నలభై ఒక్కటీ ఎవరెవరివో వెతికే పని మీద వేసుకున్నాడు. ఎనిమిది నెలల్లో ముప్పై ఎనిమిది దొరికాయి. బడిపంతులివి పన్నెండు. ఒక డాక్టరు కాలక్షేపానికి రాసుకున్నవి తొమ్మిది. అన్నకు పాఠం చెప్పిన గురువు, ఎవరివో చెప్పకుండా క్లాసులో రాయించినవి మిగతావి. ఆ ఎవరో కూడా తేలారు. ఎర్ర గుర్తులు కొత్తగా చేరాయి. మూడు మాత్రం మిగిలిపోయాయి.

"అత్తయ్యగారూ," అన్నాడు శిష్యుడు ఫోన్‌లో, "నాకు అందుబాటులో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఈ మూడూ ఎక్కడా లేవు. నిజంగా మాస్టారివే అయ్యుండొచ్చు. ఈసారి నేనే అంటున్నాను. 'స్వ' అని వేద్దాం. బాధ్యత నాది."

ఆ మూడింటిలో ఒకటి నాటకంలో చివరి మాట గురించి. అందరూ పోయాక ముసలి నౌకరు అంటాడు దాన్ని. అందరూ దాన్ని 'వీడ్కోలు' అన్నారు. చీటీలో ఇలా ఉంది: "వీడ్కోలు కాదు. ఇంటికి ఆలస్యంగా వచ్చినవాణ్ణి తలుపు తీస్తూ తిట్టే మాట." చదివినప్పుడల్లా ఆమెకు అన్న గొంతే వినిపించేది. కాలేజీనుంచి చీకటి పడ్డాక వచ్చినప్పుడల్లా వదిన తలుపు తీస్తూ ఏమనేదో ఆ ఇంట్లో ఎవరికి తెలియదు?

"అన్ని పుస్తకాలూ చూశావా నాయనా?" అంది.

"అన్నీ ఎవరు చూడగలరు అత్తయ్యగారూ?"

"అయితే వద్దు."

సాయంత్రం ప్రెస్సాయన చేశాడు. "మూడు చోట్ల మార్జిన్ ఖాళీగా వదిలేయమన్నారట. చూసినవాళ్లు మేం గుర్తు వెయ్యడం మర్చిపోయామనుకుంటారమ్మా. చుక్కో గీతో ఏదైనా వేద్దాం."

"ఏమీ వెయ్యకండి. అనుకోనివ్వండి."

ఆమె ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి వదిన గుమ్మంలో ఉంది. అంతా విన్నట్టుంది. గొంతులో కోపం కూడా లేకుండా అంది.

"ముప్పై ఏళ్లు రాశాడే ఆయన. చివరికి అంత లావు పుస్తకంలో సొంతమాట ఒక్కటీ లేకుండా పోయింది."

"ఉంటే ఆ మూడింట్లో ఉంది వదినా."

"అదీ తెలీదుగా."

"తెలీదు," అంది మక్కీ.